నోరులేని నొప్పి

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని సామెత. అడగడానికి ముందు మాట కావలె. శరీరంలో ఒక అవయవానికి సభ్యమైన పేరు నేర్పకుండా పిల్లవానిని పెంచి, ఆ అవయవానికి ఆపద వచ్చిన రాత్రి వాడు నోరు విప్పలేదని నిందించడం న్యాయం కాదు. బాలురకు వృషణాలలో వచ్చే ఆపదలు కొన్ని గంటలలోనే చక్కదిద్దవలసినవి. ఆ గంటలు తరచు సిగ్గులో కరిగిపోతున్నవి.

ఈ సిగ్గు మన వాఙ్మయం నేర్పినది కాదు. వీధిబడులలో పదేళ్ల పిల్లలు అమరకోశం వల్లెవేసిన కాలంలో, మనుష్యవర్గంలో కన్నుకు, ముక్కుకు, మోకాలికి చెప్పినట్లే వృషణానికీ పర్యాయపదాలు చెప్పేవారు. వాల్మీకి రామాయణం బాలకాండలో, గౌతముని శాపంవల్ల ఇంద్రుడు మేషవృషణుడైన కథ దాపరికం లేకుండా ఉన్నది. సుశ్రుతుడు అండవృద్ధిని ఏడు విధాలుగా విభజించి, నీరు చేరడంవల్ల వచ్చినది ఏదో, పేగు జారడంవల్ల వచ్చినది ఏదో వేరువేరుగా నిరూపించాడు. పల్లెలో కోడెదూడకు విత్తులు కొట్టించే రైతు ఆ మాటను నలుగురిలో అనడానికి జంకడు. ఇన్ని మాటలుండగా నేటి బడిపిల్లవానికి మిగిలినవి తిట్లు మాత్రమే. తిట్టుగా తప్ప తెలియని మాటతో గురువు ఎదుట నిలిచి బాధ చెప్పుకోవడం ఏ పిల్లవానికి సాధ్యం? కనుక వాడు 'కడుపునొప్పి' అంటాడు. విన్నవారు వామునీళ్లో, సోడాయో తాగించి పడుకోబెడతారు.

ఆ కడుపునొప్పి వెనుక దాగియుండగల ప్రమాదాలలో ముఖ్యమైనది వృషణపు మెలిక. వృషణం ఒక రజ్జువును ఆధారం చేసుకొని వేలాడుతూ ఉంటుంది. రక్తనాళాలు ఆ రజ్జువులోనుంచే వస్తవి. కొందరిలో పుట్టుకతోనే వృషణానికి పక్క కట్టు సరిగా ఉండక, అది గుడిగంట నాలుకవలె స్వేచ్ఛగా ఊగుతుంది. అట్టివారిలో ఒకనాడు రజ్జువు చేంతాడువలె మెలిపడుతుంది. దానితో రక్తప్రసారం ఆగిపోతుంది. ఇది ఏ వయసులోనైనా రావచ్చును గాని, 12 మొదలు 18 ఏళ్లలోపు బాలురలో ఎక్కువ. అప్పుడే పుట్టిన శిశువులలోనూ కనబడుతుంది. ఆటలో రావచ్చు, దెబ్బ తగిలి రావచ్చు, ఏ కారణమూ లేకుండా గాఢనిద్రలోనూ రావచ్చు. చెడు అలవాట్లకూ దీనికీ సంబంధం లేదు. ఈ చివరి మాట పిల్లలకు స్పష్టంగా చెప్పవలె. చేయని తప్పుకు శిక్ష పడుతుందేమోనన్న భయమే చాలామంది నోరు కట్టేస్తున్నది.

లక్షణాలు గుర్తుంచుకోవడం కష్టం కాదు. నొప్పి హఠాత్తుగా, ఒక పక్కనే, తీవ్రంగా వస్తుంది. పొత్తికడుపులోకి పాకుతుంది. వికారం, వాంతులు తోడవుతవి. ఆ పక్క వృషణం పైకి జరిగి, అడ్డంగా తిరిగి, కొంతసేపటికి వాచి ఎర్రబడుతుంది. నడక కష్టమవుతుంది. ఒక్కొక్కప్పుడు నొప్పి వచ్చి తనంతట తానే పోతుంది. మెలిక పడి విడిపోయిందన్నమాట. పోయింది గదా అని ఊరకుండరాదు, మళ్లీ వచ్చినప్పుడు విడిపోకపోవచ్చును.

ఇక కాలపు లెక్క. మెలిక పడిన 6 గంటలలోపు శస్త్రచికిత్స జరిగినయెడల నూటికి 90 మందికి పైగా వృషణం దక్కుతుంది. 12 గంటలు దాటితే సగం మందికే ఆశ. 24 గంటలు గడిచిన తరువాత దక్కేది నూటికి పదిమందికి మించదు. ఈ లెక్కను దేవరకొండ సీమకు అన్వయించి చూడవలె. చందంపేట, డిండి వైపు తండాలనుంచి దేవరకొండకు రావడానికి గంట పట్టిందనుకొందాము. అక్కడినుంచి నల్లగొండ సుమారు 60 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 110 కిలోమీటర్లు. నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. 2005లో మొదలైన 108 వాహనం పిలిస్తే వస్తుంది, రుసుము లేదు. దూరం ఎక్కువే, అయినా ఆరు గంటలలో అందరానిది కాదు. పిల్లవాడు తెల్లవారేదాకా పళ్లు బిగించి పడుకొంటే మాత్రం, ఆసుపత్రి ఎదురింట్లో ఉన్నా ప్రయోజనం లేదు.

ఈ బాధ్యత వసతి గృహాలలో మరీ బరువైనది. 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది ఆనాటి నల్లగొండ జిల్లాలోనే. నేడు ఈ ప్రాంతపు గిరిజన బాలురు ఎందరో ఇంటికి దూరంగా గురుకులాలలో, ఆశ్రమ పాఠశాలలలో చదువుతున్నారు. రాత్రి రెండు గంటలకు వారికి తల్లీ తండ్రీ ఆ వార్డెనే. ఆయన తలుపు తట్టడానికి జంకని చనువు ముందే ఏర్పడియుండవలె. కడుపునొప్పి అన్న బాలుని 'కింద కూడా నొప్పిగా ఉన్నదా?' అని ఏకాంతంలో మృదువుగా అడగవలె. ఉన్నదంటే వెంటనే బయలుదేరదీయవలె. తండ్రికి కబురు చెబుతూనే ప్రయాణం సాగవలె గాని, ఆయన వచ్చేదాకా ఆగరాదు. మత్తుమందు ఇవ్వవలసి రావచ్చును గనుక అన్నపానాలు పెట్టరాదు. నూనె మర్దన, కాపడం, పసరుకట్టు పనికిరావు. మెలిక తిప్పే ప్రయత్నం వైద్యుడు తప్ప ఎవరూ చేయరాదు.

నొప్పి, వాపు కలిగించే ఇతర కారణాలూ ఉన్నవి. గవదబిళ్లలు వచ్చిన కొన్ని రోజులకు వృషణం వాయవచ్చు. సూక్ష్మక్రిములు సోకితే నొప్పి మెల్లగా పెరిగి, జ్వరం, మూత్రంలో మంట తోడు కావచ్చు. గజ్జలోనుంచి జారిన పేగు ఇరుక్కుపోతే అదీ ప్రాణాంతకమే. వీటిని విడదీసి చెప్పడం ఉపాధ్యాయుని పని కాదు. వైద్యుడు కాదనేదాకా మెలిక అనే భావించవలె. వైద్యుడు పరీక్షించి, సందేహముంటే డాప్లర్ స్కానింగు చేయిస్తాడు. లక్షణాలు స్పష్టంగా ఉంటే దానికోసం కాలం వృథా చేయడు. చిన్న కోతతో మెలిక విప్పి, మళ్లీ తిరగకుండా రెండు పక్కలా కుట్లు వేసి నిలుపుతాడు. లోపం సాధారణంగా రెండవ పక్కనా ఉంటుంది. ఒకటి పోయినా రెండవది ఆరోగ్యంగా ఉంటే సంసారానికి, సంతానానికి సాధారణంగా లోటు రాదు.

తరగతిలో ఇట్టి మాటలెత్తితే పిల్లలు నవ్వుతారని, క్రమశిక్షణ చెడుతుందని కొందరి శంక. నవ్వుతారు, నిజమే. మొదటి రోజు నవ్వుతారు. రెండవ రోజు అది కాలు, చెయ్యివంటి మాటే అవుతుంది. జీవశాస్త్ర పుస్తకంలో వృషణమనే పదం అచ్చులోనే ఉన్నది. 'ఇంటి దగ్గర చదువుకొండి' అని ఆ పుటను దాటవేసే అలవాటునే ఉపాధ్యాయులు మానుకోవలసి ఉన్నది. తెలుగు పండితుడైనా, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడైనా ఏడాదికి ఒక్క గంట ఇందుకు కేటాయించవచ్చును. విద్యార్థులు గుర్తుంచుకోవలసినది ఒక్క వాక్యం: 'అయ్యా, వృషణంలో నొప్పిగా ఉన్నది, ఇప్పుడే ఆసుపత్రికి పోవలె.' ఆ వాక్యాన్ని అర్ధరాత్రి తడబడకుండా అనగలిగిన బాలునికి బడి ఒక మంచి చదువు చెప్పినట్లే.