రాక్షసబల్లిని పెంచుకుంటే తిండెవరు పెడతారు?

"మా అబ్బాయి ఎనిమిదో తరగతి. లెక్కల నోటుపుస్తకం వెనకవైపు నుంచి మొదలుపెట్టి నలభై పేజీలదాకా ఎక్కడా లేని జంతువుల బొమ్మలు వేశాడు. ఒక్కోదానికీ పేరు, తిండి, కోపం ఎంత, పరుగు ఎంత అన్నీ రాశాడు. ఇదంతా ఏదో కంప్యూటర్ ఆట కోసమట. వాళ్ళ నాన్నగారు చూసి, ఇంకోసారి కనబడితే చింపి పారేస్తానంటున్నారు. వాడేమో పుస్తకం దిండుకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. నేనెవరి వైపు మాట్లాడను?" అని ఓ సోదరి ఉత్తరం రాశారు.

ఇలాంటి తగవు ఈమధ్య చాలా ఇళ్ళల్లో జరుగుతోంది. అందుకే ఈ వారం కబుర్లు దానిమీదే. ముందుగా ఆ సోదరికి ఒక్కమాట. పుస్తకం చింపనివ్వకండి. ఆట సంగతి వేరు, పుస్తకం సంగతి వేరు. రెండింటినీ ఒకే మూటలో కట్టడంతోనే చిక్కంతా వస్తోంది.

అసలేమిటీ ఆట?

పిల్లలు ఇంతగా చెప్పుకునే ఆ ఆట పేరు ఆర్క్. అమెరికాలోని స్టూడియో వైల్డ్‌కార్డ్ అనే సంస్థ తయారుచేసింది. 2015లో ఇంకా పూర్తికాకుండానే జనం చేతికిచ్చి, 2017లో పూర్తి రూపంలో విడుదల చేశారు. 2023లో కొత్త హంగులతో మళ్ళీ వచ్చింది.

ఆట మొదలవగానే మనిషి ఓ దీవి ఒడ్డున కట్టుబట్టలతో కళ్ళు తెరుస్తాడు. చేతిలో ఏమీ ఉండదు. ఆకలి, దాహం, చలి, ఎండ అన్నీ వేస్తాయి. పళ్ళు కోసుకోవాలి, చెట్టు నరుక్కోవాలి, గడ్డితో గుడిసె వేసుకోవాలి. చుట్టూ ఏనాడో అంతరించిపోయిన జంతువులు తిరుగుతుంటాయి. వాటి నోటికి దొరక్కుండా బతకాలి. బతికితే చాలదు, వాటిని మచ్చిక చేసుకుని బండికి ఎద్దులా, కాపలాకి కుక్కలా వాడుకోవాలి. అదీ ఆట.

ఇందులో ప్రతి జంతువుకీ ఒక పేజీ ఉంటుంది. ఏ జాతి, ఏ కాలానిది, ఏం తింటుంది, స్వభావం ఎలాంటిది, అడవిలో ఎలా మసలుతుంది, మచ్చికైతే ఎందుకు పనికొస్తుంది... ఇలా. పెళ్ళిసంబంధాలకి పంపే బయోడేటా లాంటిదనుకోండి! పిల్లలు నోటుపుస్తకాల్లో రాసేది ఈ పద్ధతిలోనే. పైగా ఇది ఉత్త పగటికల కూడా కాదు. ఆటగాళ్ళు సూచించిన జంతువుల మీద ఓట్లు వేయించి, గెలిచినదాన్ని ఆటలో చేరుస్తూ వచ్చారు. 2024లో చేరిన ఫాసోలాసుకస్ అలా గెలిచిందే. నిజంగా అర్జెంటీనాలో ఎముకలు దొరికిన జంతువది. మొసళ్ళకి దూరపు చుట్టం.

రోలు, కుండ, గుడ్డు

ఇక మనకి చెందిన సంగతి. ఈ ఆటలో జంతువు ఊరికే లొంగదు. వంట చెయ్యాలి! గుడ్డు, మాంసం, చెట్ల పళ్ళు, నార, నీళ్ళు కుండలో వేసి ఉడికించి ఒకరకం ముద్ద తయారుచేస్తారు. దాన్ని కిబుల్ అంటారు. ఒక్కో జంతువుకి ఒక్కో రకం ముద్ద ఇష్టం. రోట్లో మత్తుపళ్ళూ, పాడైపోయిన మాంసం వేసి నూరితే మత్తుమందు తయారవుతుంది. చూశారా, పాడైనదాన్ని కూడా పారెయ్యని పొదుపు!

గుడ్లు పొదగెయ్యడం మరీ తమాషా. ఎండ ఎక్కువైనా, చలి ఎక్కువైనా గుడ్డు మురిగిపోతుంది. అందుకని ఆటగాళ్ళు గుడ్ల చుట్టూ నెగళ్ళు పెడతారు. బాగా డబ్బున్నవాళ్ళలాగా ఏసీ మిషన్లు కూడా పెడతారు! పిల్ల బయటికి వచ్చాక మొదట్లో దగ్గరుండి చేత్తో తినిపించాలి. కాస్త ఎదిగాక ఒకసారి ముద్దు చెయ్యమంటుంది, ఒకసారి షికారు తిప్పమంటుంది, ఇంకోసారి ఫలానా తిండే కావాలని పేచీ పెడుతుంది. ఆ పేచీలన్నీ ఓపిగ్గా తీర్చినవాళ్ళ దగ్గర అది మరింత బలంగా పనిచేస్తుంది.

మనం రోజూ చేస్తూ, ఎవరి దగ్గరా పేరు తెచ్చుకోని పనే ఇది. పిల్లాడు దాన్ని తెరమీద గంటలు గంటలు నేర్చుకుంటున్నాడు. ఆ విద్యలో ఇంట్లో అందరికంటే పెద్ద పండితురాలు వంటింట్లోనే ఉందని వాడికి తెలియదు, అంతే!

మచ్చిక వేరు, పెంపకం వేరు

అయితే ఆటలో నాకు నచ్చనిది ఒకటుంది. చాలా జంతువుల్ని ముందు బాణంతోనో కర్రతోనో స్పృహ తప్పేలా కొట్టి, మత్తులో ఉంచి, నోట్లో తిండి పెడితే లేచేసరికి అవి మనవైపోతాయి. కొట్టి, మత్తిచ్చి, తినిపిస్తే ప్రేమ పుడుతుందా? పిల్లలకి ఈ ముక్క తప్పకుండా చెప్పాలి. ఆటలోనే కొన్ని జంతువులు మెల్లగా దగ్గరికెళ్ళి చేత్తో తిండి అందిస్తే లొంగుతాయి. మీ పిల్లాడు కల్పించే జంతువు ఆ రెండో రకానిదైతే బావుంటుంది.

నిజజీవితంలో మచ్చిక ఎలా జరిగిందో చూడండి. మన ఏనుగు వేల ఏళ్ళుగా మనిషి మాట వింటోంది. అయినా అది పెంపుడు జంతువు కాదంటారు శాస్త్రజ్ఞులు. అడవినుంచి పట్టి తెచ్చిన ఒక్కో ఏనుగునీ మళ్ళీ మొదటినుంచీ మచ్చిక చేసుకోవలసిందే. ఆవు, మేక, కుక్క అలా కాదు. తరతరాలుగా మనిషి దగ్గరే పుట్టి, వాటి జాతి స్వభావమే మారిపోయింది.

ఆ మార్పు ఎలా వస్తుందో చూడాలని రష్యాలోని నోవోసిబిర్స్క్ దగ్గర 1959లో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే శాస్త్రజ్ఞుడు నక్కల మీద ప్రయోగం మొదలుపెట్టాడు. మనిషిని చూసి తక్కువ బెదిరే నక్కల్ని మాత్రమే ఎంచి, వాటికే పిల్లలు పుట్టేలా చూశారు. కొన్ని తరాలకే తోక ఊపే నక్కలు వచ్చాయి! ల్యుద్‌మిలా త్రూత్ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు దశాబ్దాలపాటు ఆ పనికి అంటిపెట్టుకున్నారు.

ఇక కోడి. పక్షులు రాక్షసబల్లుల వంశంలోంచే వచ్చాయని ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఒప్పుకుంటున్నారు. అంటే పెరట్లో గింజలేరుకునే కోడి, మనిషి నిజంగా పెంచుకున్న రాక్షసబల్లి అన్నమాట! దాన్నెవరూ కొట్టి లొంగదీయలేదు. 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం, థాయ్‌లాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన సుమారు 3,500 ఏళ్ళనాటి ఎముకలే ఇప్పటివరకు కచ్చితంగా తెలిసిన పాత పెంపుడు కోళ్ళవి. వరి, చిరుధాన్యాలు పండించి నిలవచేసుకున్న ఊళ్ళకి అడవికోళ్ళు గింజలకోసం వచ్చి, అలాగే ఉండిపోయాయని వాళ్ళ అంచనా. చేట చెరిగిన చోటే మచ్చిక మొదలైందన్నమాట.

దొంగ అని పేరుపడ్డ తల్లి

ఈ ఆటలో ఓవిరాప్టర్ అని ఒక జంతువుంది. గుడ్లు దొంగిలించడం దాని పని. ఆ పేరుకి అర్థం కూడా గుడ్లదొంగ అనే. కాని దీని వెనక ఒక కథ ఉంది. మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి.

1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో అమెరికా పరిశోధకులకి ఒక గూడూ, గుడ్లూ, పక్కనే ఈ జంతువు ఎముకలూ దొరికాయి. గుడ్లు ఇంకో జంతువువి అనుకున్నారు. మరి ఇదెందుకు వచ్చింది? దొంగతనానికే అయి ఉంటుందని, 1924లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ ఆ పేరు పెట్టాడు. ఈ పేరు దాని స్వభావాన్ని తప్పుగా చెబుతుందేమోనని ఆయనే అనుమానం కూడా రాశాడు. అయినా పేరు పేరే!

డెబ్బై ఏళ్ళు గడిచాయి. 1993లో అదే గోబీ ఎడారిలో అలాంటి గుడ్డే ఒకటి, లోపల పిల్ల ఎముకలతో సహా దొరికింది. తీరా చూస్తే ఆ పిల్ల ఈ ఓవిరాప్టర్ కుటుంబానిదే. ఆ తర్వాత దాని దగ్గరి చుట్టం ఒకటి, గుడ్లమీద రెండు చేతులూ చాచి కూర్చుని అలాగే రాయైపోయిన అస్థిపంజరం కూడా బయటపడింది. గుడ్ల దగ్గరున్నది దొంగతనానికి కాదు, పొదగడానికి! కాని శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరు అలా మార్చరు. ఆ నింద ఇవాళ్టికీ అలాగే ఉంది, ఆటలోనూ అలాగే ఉంది.

ఇంకో విశేషం. ఇలాంటి జాతుల్లో గూటిమీద కూర్చున్నది తల్లి కాదు, తండ్రి కావచ్చునని 2008లో కొందరు శాస్త్రజ్ఞులు రాశారు. పుస్తకం చింపుతానంటున్న నాన్నగారికి కాఫీ ఇచ్చేటప్పుడు ఈ ముక్క చెప్పి చూడండి!

ఏమడగాలి?

పిల్లాడి పుస్తకం తెరిచి "బావుంది" అని మూసెయ్యకండి. మనకొచ్చిన లెక్కలతో నాలుగు ప్రశ్నలు వెయ్యండి.

ఒకటి, తిండి. ఏం తింటుంది, రోజుకెంత, ఎవరు తెచ్చిపెడతారు? ఏనుగుకే రోజుకి సుమారు 150 కిలోల మేత కావాలి. మాంసాహారి అయితే దానికోసం ఇంకెన్ని జంతువుల్ని పెంచాలి? లోకంలో మనిషి పెంచుకున్న పెద్ద జంతువుల్లో చాలావరకు గడ్డీ గాదం తినేవే ఎందుకయ్యాయో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది.

రెండు, పిల్లలు. ఎన్నాళ్ళకి పెద్దవుతాయి? అంతవరకూ ఎవరు చూస్తారు?

మూడు, ఫలం. ఇంటికి అది ఇచ్చేదేమిటి? గుడ్డా, పాలా, మోతపనా, కాపలానా?

నాలుగు, భయం. దేనికి బెదురుతుంది? గుంపులో బతుకుతుందా, ఒంటరిదా? గుంపులో బతికే జంతువే తేలిగ్గా మనిషి వెంట నడుస్తుంది.

ఉదాహరణకి మన నేలమీద తిరిగిన జంతువునే తీసుకోండి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో కోటాసారస్ ఎముకలు దొరికాయి. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. మన ఊరిపేరు లోకమంతా రాసుకుంటోంది! పొడుగాటి మెడ, నాలుగు కాళ్ళు, ఆకులు తినే జంతువు. కనీసం 12 జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయి కాబట్టి గుంపుగా తిరిగేవని అనుకోవచ్చు. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టారు. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. శాకాహారి, గుంపుజంతువు... రెండు ప్రశ్నలు నెగ్గింది. మరి ఆ మెడకి అందేంత మేత ఎక్కడ? కాలు కదిపితే కూలిపోని పశువులపాక ఎలా కట్టడం? ఆ సంగతి పిల్లాడినే ఆలోచించనివ్వండి. జీవశాస్త్రం, లెక్కలు, ఇంటిఖర్చు మూడూ ఒకేసారి వచ్చేస్తాయి.

ఆట విషయంలో మాత్రం జాగ్రత్త

పుస్తకాన్ని వెనకేసుకొచ్చానని ఆటకి పూర్తిగా తలుపులు తెరవమనడం లేదు. ఇందులో నెత్తురూ, కొట్లాటా ఉన్నాయి. అమెరికాలో 13 ఏళ్ళు దాటినవాళ్ళకనీ, యూరప్‌లో 16 ఏళ్ళు దాటినవాళ్ళకనీ దీనిమీద ముద్ర వేశారు. చిన్నపిల్లలకి ఇవ్వకండి.

నలుగురితో కలిసి ఆడేచోట ముక్కూమొహం తెలియనివాళ్ళుంటారు. మనవాడు నిద్రపోతుంటే వాళ్ళొచ్చి కట్టిన ఇల్లు కూల్చి, పెంచిన జంతువుల్ని చంపేసి పోవచ్చు. పిల్ల జంతువుకి గంటలకొద్దీ సేవ చెయ్యాలి కనక మధ్యలో వదిలెయ్యబుద్ధి కాదు. అర్ధరాత్రి దుప్పటికింద వెలుగు కనబడిందంటే కారణం ఇదే. ఒక్కడే ఆడుకునే పద్ధతి కూడా ఉంది. అందులో జంతువులు త్వరగా మచ్చికయ్యేలా, త్వరగా పెరిగేలా మార్చుకోవచ్చు. అదొక్కటే ఒప్పుకోండి. ఆట హాల్లోనే, నలుగురి కళ్ళముందే ఆడాలి. ఎన్ని గంటలకి ఆపాలో ముందే మాట తీసుకోండి. మధ్యలో కరెంటు తీసేసి యుద్ధం చెయ్యకండి.

నోటుపుస్తకానికి మాత్రం వేళాపాళా పెట్టకండి. లెక్కల పుస్తకం పాడవుతోందనేగా బాధ? వాడికి ఇంకో తెల్లకాగితాల పుస్తకం కొనివ్వండి. కూర తరుగుతూ పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది గుడ్డు పెడుతుందా, పిల్లని కంటుందా?" అని మొదలుపెట్టండి. మీతో మాట్లాడ్డమే మానేసిన పిల్లాడు గంటసేపు చెబుతూనే ఉంటాడు. కూర మాడకుండా చూసుకోవడం మీ వంతు!