బోన్సాయ్‌కి అడవి అక్కర్లేదు, ఊళ్లో గోడ చాలు

నాందేడ్‌లో బోన్సాయ్ పెంచాలనుకునేవారు చెట్టు కోసం కిన్వట్, మాహూర్ అడవుల వైపు చూడనక్కర్లేదు. ఈ కళకు కావలసింది వయసు తెలిసే కాండం, మెలికలు తిరిగిన వేళ్లు. అవి ఊళ్లోనే దొరుకుతాయి. పాత వాడాల (పెద్ద ఇళ్ల) గోడల మీద, మురుగుకాల్వల అంచుల్లో, డాబాల పిట్టగోడల కింద రావి, మర్రి, జువ్వి తమంతట తామే మొలిచి ఉంటాయి. వాటిని ఎవరూ నాటలేదు, అక్కడ ఎదగనిస్తే కట్టడానికి చేటు. అడవి చెట్టును ముట్టుకోకుండా, గోడ మీది చెట్టును ప్రాణంతో దింపి కుండీలో పెంచుకునే వీలు నగరపాలక సంస్థ కల్పించాలి. చూడటానికి కొద్దిమంది సరదాలా కనిపించినా, ఇందులో పాత కట్టడాలకు మేలుంది, అడవికీ మేలుంది.

మర్రి జాతి చెట్లు గోడ ఎక్కడంలో వింతేమీ లేదు. పండు తిన్న కాకో గోరింకో రెట్ట వేస్తే అందులోని విత్తనం రాళ్ల సందులోని సున్నంలో మొలకెత్తుతుంది. గుప్పెడు మట్టి లేకపోయినా సందులో నిలిచిన వాన తేమతోనే నెట్టుకొస్తుంది. పైకి జానెడు కనిపించే మొక్కకు లోపల బారెడు వేరుంటుంది. ఆ వేరు లావెక్కేకొద్దీ రాయి కదులుతుంది, సున్నం రాలుతుంది, సందుల్లోకి నీళ్లు దిగుతాయి. మామూలుగా జరిగేదేమిటంటే, ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకొమ్మలు నరికి చేతులు దులుపుకుంటారు. నరికిన చోట నాలుగు పిలకలు లేస్తాయి, లోపలి వేరు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గోడకు ఇది నష్టం. బోన్సాయ్ పెంచేవారికి మాత్రం ఇలా పదేపదే నరకబడి పొట్టిగా, లావుగా, మచ్చలు పడ్డ మొద్దే అసలైన సరుకు. నర్సరీ కుండీలో అలాంటి మొద్దు తయారు కావాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఈ విషయంలో అమెరికా దక్షిణ ప్రాంతపు అనుభవం మనకు పనికొస్తుంది. అక్కడి చిత్తడి నేలల్లో బాల్డ్ సైప్రెస్ అనే చెట్టు పెరుగుతుంది. సూదుల్లాంటి ఆకులున్న జాతే అయినా చలికాలానికి ఆకు రాలుస్తుంది. నార్త్ కరోలినాలోని బ్లాక్ రివర్ వెంట ఉన్న ఒక చెట్టు వయసు కనీసం 2,624 ఏళ్లని 2019లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అంత దీర్ఘాయుష్షు గల చెట్లున్న లూసియానా అడవులను కలప కంపెనీలు 1930ల నాటికి దాదాపు ఊడ్చేశాయి. అక్కడి బోన్సాయ్ కళాకారులు సైప్రెస్ మొద్దులను చలికాలం చివర, చిగురు వేయకముందే, కావలసిన ఎత్తుకు కోసి తవ్వి తెచ్చుకుంటారు. వాటిని తీర్చిదిద్దేటప్పుడు లేత చెట్టులా కోసుగా మలచడం ఒక పద్ధతి. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన వాన్ బాంటింగ్ మరో దారి చూపారు. చిత్తడిలో నిలిచిన ముసలి చెట్లకు తల చదునుగా విచ్చుకుని ఉంటుంది. ఆ రూపాన్నే ఆయన కుండీలోకి తెచ్చారు, ఇప్పుడు బాల్డ్ సైప్రెస్ బోన్సాయ్ అనగానే గుర్తొచ్చేది అదే. చెట్టు తన నేల మీద ఎలా ముసలిదవుతుందో చూసి దాన్ని కుండీలో చూపించాలన్నదే అందులోని నీతి. మన మర్రికి జపాను పైన్ వేషం వేయనక్కర్లేదు. గోడను కౌగిలించుకున్న వేళ్లు, పక్కకు చాచిన కొమ్మలు, ఊడలు... దాని అందం దానికుంది.

పద్ధతి తెలిస్తే గోడకు హాని లేకుండానే చెట్టును దించవచ్చు. కూల్చబోయే ఇంటి గోడ అయితే రాళ్లు విప్పి వేళ్లతో సహా తీయవచ్చు. నిలబెట్టుకోవలసిన గోడ అయితే వేరు లాగడం తప్పు, వేరుతో పాటు రాయీ వస్తుంది. అక్కడ గాలి అంటు మేలు. మృగశిర కార్తె వానలు పడ్డాక కాండం చుట్టూ అంగుళం వెడల్పున బెరడు ఒలవాలి. కారిన పాలు తుడిచి, తడిపిన కొబ్బరి పీచు పెట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టాలి. వానాకాలంలో కొన్ని వారాలకే కాగితం లోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు దాని కింద కోసి దించి, ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపిన కుండీలో పెట్టాలి. గోడలో మిగిలిన మోడును చంపే పని కట్టడాల మరమ్మతు తెలిసినవారిది. మొదటి ఏడాది చెట్టుకు తీగ చుట్టకూడదు, ముందు అది కోలుకోవాలి. ఆ తరవాత చుట్టిన తీగనైనా ఎదిగే కాలంలో తరచూ చూసుకోవాలి. మర్రి జాతి కొమ్మ త్వరగా లావెక్కి తీగ లోపలికి దిగిపోతుంది. రావి ఆకు పెద్దది కాబట్టి చెట్టును రెండడుగుల కంటే తగ్గించకపోవడం మంచిది. చిన్న కుండీకి జువ్వి నయం.

చెట్టును కుండీలో బంధించడం హింస కాదా అని అడిగేవారున్నారు. బోన్సాయ్‌ని ఆకలితో మాడ్చి పొట్టిగా ఉంచుతారనుకోవడం పొరపాటు. అలా మాడిస్తే అది చస్తుంది. కొమ్మను, వేరును సమయానికి కత్తిరిస్తూ, నీరూ ఎరువూ ఇస్తూ ఉంటేనే అది నిలుస్తుంది. 1625 నుంచి సాగులో ఉన్న జపాను తెల్ల పైన్ ఒకటి 1945లో హిరోషిమా బాంబును తట్టుకుంది. 1976లో యమాకి కుటుంబం దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది, నేటికీ వాషింగ్టన్‌లో బతికే ఉంది. పైగా మన గోడ మీది రావికి ఉన్న దారులు రెండే, కత్తి లేదా కుండీ. రావిని పెకలించడం పాపమని వెనుకాడి గోడ బీటలు వారేదాకా వదిలేసేవారు ఎందరో. ప్రాణం తీయకుండా చోటు మార్చడం వారికీ సమ్మతమే కావాలి. ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఎదుగుదల ఆగుతుందని వాస్తు పేరిట భయపడేవారికీ చిక్కు లేదు. ఎండ కావలసిన ఈ చెట్లకు తగిన చోటు డాబా, పెరడు. వట పూర్ణిమకు మర్రి కొమ్మలు విరిచి తెచ్చి పూజించే ఇళ్లకు కుండీలోని మర్రి ఏటా పనికొస్తుంది.

గట్టి అభ్యంతరం మరొకటుంది. దారి తెరిస్తే దొంగవ్యాపారం మొదలవుతుందని, గోడ పేరు చెప్పి అడవి చెట్లు తెచ్చి అమ్ముతారని. ఆ భయం సహేతుకమే. రిజర్వు అడవిలో చెట్టు తవ్వడం 1927 అటవీ చట్టం ప్రకారం నేరం. పైన్‌గంగా అభయారణ్యంలో 1972 వన్యప్రాణి చట్టం ఇంకా కఠినం. పట్టణాల్లో చెట్టు నరకాలన్నా 1975 నాటి మహారాష్ట్ర చట్టం కింద అనుమతి కావాలి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ మాట లేకుండా ఒక్క రాయీ కదపకూడదు. ఈ చట్టాలేవీ సడలించనక్కర్లేదు. ఏ గోడ, ఏ చెట్టు, ఎవరు తీశారు అన్నది ఫొటోతో సహా రాసిపెడితే చాలు. ఆ కాగితం లేని ముసలి మొద్దు ఎక్కడిదని అడగడం అధికారులకూ తేలికవుతుంది. పైగా ఊళ్లో న్యాయంగా దొరికే సరుకు ఉన్నప్పుడు అడవి సరుకుకు గిరాకీ తగ్గుతుంది.

నాందేడ్-వాఘాళా నగరపాలక సంస్థ ఏటా మే నెలలో చెట్లు మొలిచిన పాత గోడల జాబితా ప్రకటించాలి. పురావస్తు శాఖ అనుమతి కావలసినవాటిని వేరు చేసి, మిగతావాటికి ఉచితంగా పర్మిట్లు ఇవ్వాలి. దించే పనిని తోటమాలి ఒకరు, మేస్త్రీ ఒకరు దగ్గరుండి చూడాలి. రాష్ట్ర సరిహద్దుకు ఇవతల, తెలంగాణలోని నిజామాబాద్, నిర్మల్ పట్టణాలకూ ఈ పద్ధతి పనికొస్తుంది. ఇక బోన్సాయ్ కొనేవారికి ఒక మాట. ముసలి మొద్దు నచ్చితే ధర అడిగేముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.