ఆ కమాండ్ ఎవరి పేరు మీద నడుస్తోంది?

మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ఇంకా రెండు రోజులే ఉంది. మా టేబుల్ మాత్రం ఖాళీ. ఎర్రర్ ఏమీ లేదు. స్క్రీన్ మీద ‘కాపీ 0’ అని వచ్చింది, అంటే ఒక్క వరుస కూడా ఎక్కలేదన్నమాట.

పోస్ట్‌గ్రెస్‌లో ‘కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్’ అని ఒకటుంది. 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చింది. ఎస్‌క్యూఎల్‌లోంచే బయటి ప్రోగ్రామ్‌ని నడిపి, అది ప్రింట్ చేసే ఒక్కో లైన్‌నీ టేబుల్‌లో ఒక్కో వరుసగా చదువుకోవచ్చు. కంప్రెస్ చేసిన లాగ్ ఫైల్‌ని విప్పి మళ్లీ డిస్క్ మీద పెట్టే పని లేదు. తెలిసిన రోజు భలే ఉందే అనుకున్నా, ఇప్పటికీ అదే మాట అంటాను.

మా కమాండ్ చిన్నదే: జడ్‌క్యాట్‌తో ఫైల్ విప్పి, పైపులో సార్ట్‌కి పంపడం. చిక్కల్లా ఒకటే. ఫైల్ ఉన్నది నా ల్యాప్‌టాప్‌లో, సర్వర్ ఉన్నది మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో. కమాండ్ నడిచేది సర్వర్ ఉన్న చోట. అక్కడ ఫైల్ లేదు కాబట్టి జడ్‌క్యాట్ ఫెయిలైంది. కానీ పైపులో చివరి ప్రోగ్రామ్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌నే షెల్ బయటికి చెబుతుంది. సార్ట్ ఖాళీ ఇన్‌పుట్ తీసుకుని, పని అయిపోయిందని సున్నా ఇచ్చింది. పోస్ట్‌గ్రెస్ నమ్మేసింది. జడ్‌క్యాట్ మొత్తుకున్నది సర్వర్ లాగ్‌లో పడి ఉంది, మేం ఆ లాగ్ తెరిస్తే కదా!

చివరికి ఒక సీనియర్ అక్కని అడిగాం. “ఇదే పద్ధతిలో హూయామై నడిపి చూడండ్రా” అంది. టేబుల్‌లో ఒక వరుస వచ్చింది: ‘పోస్ట్‌గ్రెస్’. అంటే ఆ కమాండ్ నా పేరు మీద కాదు, సర్వర్ యూజర్ పేరు మీద నడుస్తోంది.

అప్పుడు భయం వేసింది. మా వెబ్ యాప్ కూడా సూపర్ యూజర్‌గానే డేటాబేస్‌కి కనెక్ట్ అవుతోంది. లాగిన్ ఫారంలో టైప్ చేసిన పేరుని క్వెరీ స్ట్రింగ్‌లో నేరుగా అతికించేశాం. ఆ డబ్బాలో ఎవడైనా తెలివిగా నాలుగు ముక్కలు టైప్ చేస్తే చాలు, మా రూమ్మేట్ మెషీన్‌లో వాడి కమాండ్లు నడుస్తాయి. క్లాసులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే మార్కులు దిద్దుకోవడం అనుకున్నాం!

అసలు ఈ సౌకర్యమే తీసేయాలనే వాళ్లున్నారు. 2019లో దీనికి సీవీఈ నంబర్ కూడా పడింది. పోస్ట్‌గ్రెస్ టీం మాత్రం ఇది లోపం కాదు, కావాలని అలా పెట్టిందేనని చెప్పింది. నేను వాళ్ల వైపే. మైక్రోసాఫ్ట్ తన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి దాన్ని 2005 నుంచి ముందే ఆపేసి ఇస్తోంది. పోస్ట్‌గ్రెస్ ఆపలేదు, సూపర్ యూజర్‌కి మాత్రమే ఇచ్చింది. 11వ వెర్షన్ నుంచి దీనికోసం విడిగా ఒక రోల్ కూడా పెట్టింది. తాళం బాగానే ఉంది. మనమే ప్రతి ప్రాజెక్ట్‌లో సూపర్ యూజర్ పాస్‌వర్డ్‌ని కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి, గిట్‌హబ్‌లోకి కూడా తోసేస్తున్నాం. ల్యాబ్ షీట్ మొదటి పేజీలోనే అలా కనెక్ట్ అవ్వమని ఉంటే ఇంకేం నేర్చుకుంటాం? ఆ పేజీలో రోల్ తయారు చేసే రెండు లైన్లు చేర్చమని డిపార్ట్‌మెంట్‌ని అడుగుదామా?

మేమైతే మార్చేశాం. యాప్‌కి మూడు టేబుళ్ల మీదే హక్కులున్న వేరే రోల్ ఇచ్చి, లాగిన్ క్వెరీని పారామీటర్లతో తిరగరాశాం. లాగ్ ఫైళ్లని పీఎస్‌క్యూఎల్‌లోంచి, ముందు బ్యాక్‌స్లాష్ ఉన్న ‘కాపీ’తో ఎక్కిస్తున్నాం. అది నా మెషీన్‌లో, నా హక్కులతోనే నడుస్తుంది. కొత్త రోల్‌తో మళ్లీ హూయామై ప్రయత్నిస్తే పర్మిషన్ లేదని ఎర్రర్ వచ్చింది. ఆ ఎర్రర్ స్క్రీన్‌షాట్‌ని రివ్యూ స్లైడ్లలో పెట్టుకున్నాం.