పాత సర్వరూ, మన కాగితాలూ



పోయిన వారం రాసిన భాగం చదివి చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "మన పాత పత్రికలు, కరపత్రాలు స్కాన్ చేయడం సరే సార్, వాటిని ఎక్కడ పెడదాం?" ఈ భాగమంతా దాని గురించే. తెలుగు లెక్చరరు సర్వర్ల గురించి రాయడమేంటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇందులో సగం మా పిల్లలు నాకు నేర్పిందే.

రెండు నెలల కింద భవానీపురం స్వాతి థియేటర్ దగ్గర టీ తాగుతుంటే డిగ్రీ ఆఖరేడు కుర్రాడొకడు ఫోనులో ఒక ఫొటో చూపించాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అమ్మకానికి పెట్టిన డెల్ ఆర్720 సర్వరు. 2012లో వచ్చిన మోడలు. రెండు జియాన్ ప్రాసెసర్లు, 64 జీబీ ర్యామ్. "కొత్త ల్యాప్‌టాప్ కంటే తక్కువకే వచ్చిద్ది సార్. తలా కొంచెం వేసుకుంటే కొనెయ్యొచ్చు. మన సైటు మన దగ్గరే ఉంటది. మిగతా సంఘాలక్కూడా చవగ్గా చోటివ్వొచ్చు" అన్నాడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "మళ్ళీ పాతదేనా?"

ఆ మాట ఎందుకొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. పాత చొక్కా, అట్ట ఊడిన పుస్తకం, పెళ్ళిలో మిగిలిన కూర. మనదాకా వచ్చేవన్నీ ఎవరో వాడి వదిలేసినవే. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు 'జూఠన్' అని, అంటే ఎంగిలి అని పేరు పెట్టాడు. ఆ పేరు చూసి వివరణ అడిగే అవసరం మన పేటల్లో ఎవరికీ రాదు. కానీ కుర్రాడు వెంటనే అన్నాడు: "వాళ్ళు ఇచ్చేది కాదు సార్, మనం కొనుక్కునేది." నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. అక్కడి నుంచి మా మధ్య వారం రోజులు వాదన నడిచింది.

ముందు, అది అంత చవగ్గా ఎందుకొస్తుందో చూడండి. కంపెనీలు సర్వర్లను పాడైపోయాయని తీసెయ్యవు. వారంటీ అయిపోతుంది. కొత్తది అదే కరెంటుతో ఎక్కువ పని చేస్తుంది. అందుకని నాలుగైదేళ్ళకే దించేస్తారు. తమ సమాచారం బయటికి పోకుండా హార్డ్ డిస్కులు పీకి ముక్కలు చేస్తారు. మిగిలిన బండి, కండిషన్లో ఉన్నదే, పాత సామాను బజారుకొస్తుంది. ఈ మధ్య ఆ పెద్ద కంపెనీలే మాట మార్చుకున్నాయి. మైక్రోసాఫ్ట్ 2022లో, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2023లో తమ సర్వర్ల ఆయుష్షును ఖాతాల్లో నాలుగేళ్ళ నుంచి ఆరేళ్ళకు పెంచాయి. ఒక్కోదానికి ఏడాదిలో 300 కోట్ల డాలర్లకు పైగా కలిసొచ్చింది. పాతదాన్ని వాడటం నామోషీ అని ప్రపంచంలోకెల్లా డబ్బున్న కంపెనీలు అనుకోలేదు. నేననుకున్నాను.

చవక హోస్టింగ్ వ్యాపారం కూడా ఇలాగే నడుస్తుంది. జర్మనీలో హెట్జ్‌నర్ కంపెనీ పాత సర్వర్లను వేలం పద్ధతిలో అద్దెకిస్తుంది. ఫ్రాన్సులో ఓవీహెచ్ తన పాత తరం మిషన్లను కిమ్‌సూఫీ అనే పేరు కింద తక్కువ ధరకిస్తుంది. ఇంకొందరు ఒక మిషన్ని ముప్ఫై నలభై భాగాలు చేసి అమ్ముతారు. మన బెజవాడలో పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టే. అందరూ ఒకేసారి కుళాయి తిప్పరన్న ధైర్యంతో ఉన్న నీళ్ళకంటే ఎక్కువ పోర్షన్లు వేసేవాళ్ళూ ఉంటారు. సైటు ఒక్కోసారి కదలకుండా కూర్చుంటే కారణం అదే కావచ్చు.

ఇదంతా మనకెందుకంటారా? 2024 సెప్టెంబరు 1 గుర్తు తెచ్చుకోండి. బుడమేరు పొంగి సింగ్ నగర్ ఒక్కటే కాదు, మన వైపు జోజినగర్, ఊర్మిళానగర్ కూడా మునిగాయి. నీళ్ళు తీశాక నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంటికెళ్ళాను. 1985 కారంచేడు నాటి కరపత్రాలు, 1991 చుండూరు ఉద్యమం పోస్టర్లు, 'చిక్కనవుతున్న పాట' వచ్చిన రోజుల నాటి చిన్న పత్రికలు ఆయన బీరువా కింది అరలో ఉండేవి. అన్నీ అతుక్కుపోయి పిండి ముద్దలా ఉన్నాయి. ఆయన వాటిని ఎండలో పెట్టి విడదీయాలని చూస్తున్నారు. పీహెచ్‌డీ రోజుల్లో ఆ కాగితాల కోసం ఆయన గుమ్మం ముందు గంటలు కూర్చున్నవాణ్ణి. అప్పుడే ఫొటోలు తీసి ఉండాల్సింది. తియ్యలేదు. కుసుమ ధర్మన్న రాజమండ్రి నుంచి నడిపిన 'జయభేరి' సంచికల కోసం తిరిగి తిరిగి ఉత్త చేతులతో వచ్చినవాడికి కూడా ఆ బుద్ధి పుట్టలేదు.

నీళ్ళే కాదు. మా పిల్లలు ఆరేళ్ళు పోగేసిన ఒక పేజీ ఒక రాత్రి మూతపడింది. ఎవరు ఫిర్యాదు కొట్టారో, ఏ నిబంధన తప్పామో చెప్పే నాథుడు లేడు. ఎన్నో తెలుగు చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి. మీరిప్పుడు ఇది చదువుతున్న గోడ కూడా అద్దె గోడే.

1917 నవంబరులో ఈ బెజవాడలోనే భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని మన పెద్దలు అక్కడే చెప్పుకున్నారు. ఆ మూడు రోజులూ దుర్గ గుడి తలుపులు మూసేశారని మనకెలా తెలుసు? ఎవరో రాసిపెట్టి, దాచిపెట్టబట్టి. 1920 జనవరిలో 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు డబ్బిస్తామన్నా 'కేసరి' ప్రకటన వెయ్యలేదు. తర్వాత బాబాసాహెబ్ సొంత ప్రెస్సు పెట్టించారు. దాదర్‌లోని ఆ బుద్ధభూషణ్ ప్రెస్సునూ, అంబేద్కర్ భవన్‌నూ 2016 జూన్ 25 తెల్లవారకముందే బుల్డోజర్లతో కూల్చేశారు. సొంతం ఉండాలన్నదీ నిజమే, సొంతం ఒక్క చోటే ఉంటే పోతుందన్నదీ నిజమే.

అందుకే కుర్రాడి కోరికకు తలూపినా ఆ సర్వరు మాత్రం వద్దన్నాను. లెక్క వేసి చూపించాను. ఆ మిషను ఊరికే ఉన్నా దాదాపు 150 వాట్లు లాగుతుంది. నెలకు 108 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలేసుకున్నా 648 రూపాయలు. ఆ గది బిల్లు పై శ్లాబులోకి ఎగబాకుతుంది కూడా. మే నెలలో బెజవాడ ఎండకు రేకుల గదిలో దాని ఫ్యాన్లు పెట్టే రొదకు పక్కవాళ్ళు తగూకొస్తారు. పైగా చాలా ఇళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్లకు బయటి నుంచి చేరుకునే సొంత ఐపీ అడ్రసు ఉండదు. ఇంత చేసి మనం పెట్టేది ఏంటి? కొన్ని వేల పేజీల స్కాన్లు, చదవడానికి ఒక సైటు. లారీ కొని కూరగాయల సంచి మోసినట్టు.

ఆఫీసుల్లో మానిటర్ వెనక తగిలించే చిన్న కంప్యూటర్లుంటాయి. అవీ నాలుగైదేళ్ళకు పాత బజారుకొస్తాయి. పని లేనప్పుడు 15 వాట్లలోపే. నెలకు పదకొండు యూనిట్లు దాటదు. అది కొన్నాం. డిస్కులు మాత్రం రెండూ కొత్తవి, పాత డిస్కును నమ్మొద్దు. లినక్స్ ఎక్కించాం. అసలు కాపీ దాన్లో ఉంటుంది. జనం చదివే సైటు మాత్రం అద్దెకు తీసుకున్న చవక సర్వరు మీద, అదీ ఎక్కడో ఒక డేటా సెంటర్లో ఉన్న పాత మిషనే. దాన్ని కూడా నమ్మలేదు. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కంపెనీయే చూసుకుంటుందని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాళ్ళ సైట్లు బూడిదయ్యాయి. అందుకని మూడో కాపీ ఒక డిస్కులో వేరే ఊరికి వెళ్ళింది.

సంఘాలకు చోటివ్వాలన్న కుర్రాడి ఆశ కూడా వదల్లేదు. ఆ అద్దె సర్వరులోనే ఇంకో రెండు సంఘాల సైట్లున్నాయి. అద్దె మూడు వాటాలు.

ఇక్కడే నా అసలు గొడవ. కాలేజీలూ సర్కారు ఆఫీసులూ ఏటా కంప్యూటర్లు కండెమ్ చేసి వేలం వేస్తాయి. ఆ తర్వాత వాటిని విప్పే చేతులెవరివి? ఢిల్లీ శీలంపూర్‌లో బోర్డులు కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగి తీసేది పేద ముస్లింలు, దళితులు. అదే మిషన్ని తుడిచి, ర్యామ్ పెంచి, 'రీఫర్బిష్డ్' అని అట్టపెట్టెలో పెడితే ఆ లాభం వేరేవాళ్ళది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీఫర్బిషర్‌ను గుర్తించి రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి. ఆ రిజిస్ట్రేషన్ మన పిల్లలకెందుకు లేదు? సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకు టైపింగూ, ఎక్సెలూ నేర్పి కంప్యూటర్ విద్య అయిపోయిందంటే ఒప్పుకోకండి. మిషన్ విప్పడం, లినక్స్ ఎక్కించడం, సర్వరు నడపడం నేర్పమనండి. బెంగళూరు సుదర్శన్ లేఅవుట్ బస్తీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేద్కర్ పేరుతోనే ఒక కంప్యూటర్ కేంద్రం నడిపారు, పాత కంప్యూటర్లతోనే. అక్కడ సాధ్యమైంది హాస్టల్లో ఎందుకు కాదు?

విశాఖలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అక్కడ భూమి ఎవరిది పోతుంది, లోపల కొలువు ఎవరికొస్తుంది అన్నది వేరే భాగమే రాయాలి.

మా చిన్న పెట్టె ఇప్పుడు మా చదువుకునే గదిలో ఉంది. గోడ మీద వరద గీత ఇంకా పోలేదు. దానికి మూడడుగుల పైన మేకులు కొట్టి చెక్క బిగించి, దాని మీద పెట్టారు పిల్లలు. ఆ పెద్దాయన ముద్దల్లోంచి విడదీయగలిగిన పదకొండు కరపత్రాలూ అందులోకెక్కాయి. మీ ఇళ్ళల్లో, మీ తాతల ట్రంకు పెట్టెల్లో ఉన్నవి ఆదివారాలు తీసుకురండి. స్కాన్ చేసి కాగితం అక్కడికక్కడే మీ చేతికిచ్చేస్తాం.