టాటూ కుర్చీలోంచి లేచి రాగలరా?

క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది. జాయినింగ్‌కి ఇంకా రెండు నెలలు టైముంది. నలుగురు ఫ్రెండ్స్ కలిసి డబ్బులు పోగేసుకుని హైదరాబాద్‌లో బ్యాంకాక్ విమానం ఎక్కుతారు. మూడో రోజు సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే రంగురంగుల లైట్ల టాటూ షాపు కనబడుతుంది. ‘ఇంత దూరం వచ్చాం, గుర్తుగా ఒకటి వేయించుకుందాం రా’ అంటాడు ఒకడు. కాస్త బేరమాడితే రేటు దిగుతుంది. పావుగంటలో మీరు కుర్చీలో ఉంటారు.

నేనూ అలాంటి కుర్చీలో కూర్చున్నవాణ్నే. ఫుకెట్‌లో, పటాంగ్ బీచ్ దగ్గర. షాపు తళతళలాడుతోంది. గోడల నిండా ఫొటోలు, మ్యాప్స్‌లో 4.9 రేటింగ్. మెషిన్ చేతిలోకి తీసుకున్న ఆర్టిస్టును ‘సూది ప్యాకెట్ నా ముందు విప్పుతారా?’ అని అడిగా. ‘నో ప్రాబ్లమ్, ఆల్ క్లీన్’ అని నవ్వాడే గానీ ప్యాకెట్ చూపించలేదు. రెండోసారి అడిగితే మొహం మారింది. ఇచ్చిన 1000 భాట్ అడ్వాన్సు వదులుకుని లేచి వచ్చేశా. ఫ్రెండ్స్ రెండు రోజులు ‘పిరికోడు’ అని ఏడిపించారు. ఏడిపిస్తే ఏడిపించారు, ఆ డబ్బు పోయిందని నేను ఇప్పటికీ బాధపడను.

టాటూలు వద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. తర్వాత బాగా విచారించుకుని నేనూ ఒకటి వేయించుకున్నా. నేను చెప్పేది ఒక్కటే. పరాయి దేశంలో టాటూ ఆర్టిస్టును బొమ్మలు చూసో, రేటింగ్ చూసో నమ్మేయకండి. ప్రశ్న అడిగితే ఎలా స్పందిస్తున్నారో చూసి నమ్మండి. నమ్మకం కుదరకపోతే లేచి వచ్చేయడానికి ముందే సిద్ధపడి వెళ్లండి.

ఉద్యోగానికేం సంబంధం?

చాలా ఉంది. టాటూ సూది పైచర్మాన్ని దాటి లోపలి పొరలోకి దిగుతుంది. ముందు ఎవరికో వాడిన సూదే అయితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ లాంటివి రక్తంలోకి చేరే ప్రమాదం ఉంటుంది. గల్ఫ్ దేశాలకు ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకు చేసే వైద్య పరీక్షల్లో ఈ మూడూ ఉంటాయి. ఒక్కటి పాజిటివ్ వచ్చినా ‘అన్‌ఫిట్’ అని రాసేస్తారు. హెపటైటిస్ సికి ఇప్పుడు నయం చేసే మందులున్నాయి. కానీ చేజారిన వీసా ఆ మందులతో తిరిగి రాదు.

యూనిఫాం ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నారా? అయితే సూదితో పాటు టాటూ వేయించుకునే చోటు గురించి కూడా ఆలోచించాలి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో టాటూ నిబంధన స్పష్టంగా ఉంటుంది. సెల్యూట్ చేసేది కుడి చేయి కాబట్టి ఎడమ ముంజేతి లోపలి వైపు గానీ, చేతుల వెనక వైపు గానీ ఉంటేనే ఒప్పుకుంటారు. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. మెడ మీద వేయించుకున్న డ్రాగన్‌ను మెడికల్ రోజున ఏ చొక్కా కాపాడదు. బొమ్మ ఎంచుకునే ముందు మీరు రాయబోయే పరీక్ష నోటిఫికేషన్ ఒకసారి చదవండి.

రేటింగ్ ఎందుకు చాలదు?

నేను ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాస్తుంటాను. రివ్యూలు ఎప్పుడు పుడతాయో గమనించడం అలవాటైంది. టూరిస్టు రివ్యూ రాసేది టాటూ పూర్తయిన గంటలోనే, తరచూ ఆ షాపులోనే కూర్చుని. ఇన్ఫెక్షన్ బయటపడేది కొన్ని రోజులకో, వారాలకో. రంగు చెదిరిందా, గీత పాకిందా అనేది తెలిసేది చర్మం పూర్తిగా మానాకే. అప్పటికి ఆ మనిషి తన ఊళ్లో ఉంటాడు. వెనక్కి వెళ్లి రివ్యూ మార్చేవాళ్లు తక్కువ. అంటే 4.9 రేటింగ్ చెప్పేది మొదటి గంట సంతోషం గురించే.

అందుకే రివ్యూలను తక్కువ రేటింగ్ నుంచి మొదలుపెట్టి చదవండి. ‘ఇన్ఫెక్షన్’ అన్న పదం కొట్టి వెతకండి. ఇన్‌స్టాలో షాపు పెట్టిన ఫొటోలతో ఆగిపోకుండా, కస్టమర్లు ట్యాగ్ చేసినవి చూడండి. అప్పుడే వేసిన టాటూ ఎవరిదైనా మెరుస్తుంది. ఏడాది తర్వాతి ఫొటోలు అడగండి, అవీ మనలాంటి చామనఛాయ చర్మం మీద వేసినవి. గోడ మీది బొమ్మ నిజంగా ఆ షాపులోనే వేశారా అని అనుమానమొస్తే ఫొటో తీసి ఇమేజ్ సెర్చ్‌లో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా ‘ఈ ఫొటోల్లోవి వేసిందెవరు, నాకు వేసేదెవరు?’ అని అడగండి. పేరు షాపుది, పనితనం ఒకరిది, మెషిన్ పట్టుకునేది ఇంకొకరు కావచ్చు.

షాపులో చూడాల్సినవి

సూది సీల్డ్ ప్యాకెట్‌లో ఉండాలి, దాని మీద ఎక్స్‌పైరీ డేట్ ఉండాలి, మీ కళ్ల ముందే విప్పాలి. గ్లవ్స్ కొత్తవి తొడగాలి. మధ్యలో ఫోన్ ముట్టుకుంటే మళ్లీ మార్చాలి. రంగును చిన్న కప్పుల్లో పోసుకుని, మిగిలింది పారేయాలి. మెషిన్‌కీ, వైరుకీ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా ఉండాలి. స్టీలు పరికరాలు మళ్లీ మళ్లీ వాడుతుంటే వాటిని ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ ఉందా అని అడగాలి. స్పిరిట్‌తో తుడిచేస్తే సరిపోదు.

రంగు గురించి మనం దాదాపు అడగం. 2011-12లో అమెరికాలోని రాచెస్టర్‌లో 19 మందికి టాటూ వేసిన చోట చర్మానికి ఇన్ఫెక్షన్ సోకింది. విచారిస్తే రంగు సీసాలోనే బ్యాక్టీరియా చేరిందని తేలింది. రంగుల్లోని రసాయనాల మీద ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి కఠిన పరిమితులు పెట్టింది. ఈ నియమాలు అన్ని దేశాల్లో ఒకేలా ఉండవు. కాబట్టి రంగు ఏ కంపెనీది, పల్చన చేయడానికి స్టెరైల్ వాటర్ వాడుతున్నారా అని అడగడం మన బాధ్యతే. ‘బ్లాక్ హెన్నా’ టెంపరరీ టాటూ అయితే ఏమీ కాదనుకోవద్దు. నల్లగా రావడానికి అందులో కలిపే పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం వల్ల బొబ్బలు లేచి మచ్చలు మిగిలిపోవచ్చు.

థాయ్‌లాండ్‌లో ‘సక్ యంత్’ అనే సంప్రదాయ పచ్చబొట్టు కూడా ఉంది. బ్యాంకాక్ పక్కనే నఖోన్ పథోమ్‌లోని వాట్ బాంగ్ ఫ్రా ఆలయం దీనికి పేరున్న చోటు. అక్కడ బౌద్ధ భిక్షువులు మంత్రం చదువుతూ పొడవాటి లోహపు కడ్డీతో పొడుస్తారు. ఆ అనుభవం గొప్పదే కావచ్చు, కానీ భక్తి వల్ల సూది శుభ్రపడదు. మన జాతరల్లో ఒకే సూదితో పది మందికి పచ్చబొట్టు పొడిచినా ప్రమాదం ఇలాంటిదే. అక్కడా అవే ప్రశ్నలు గౌరవంగా అడగండి.

‘వద్దు’ అనే ఆర్టిస్టే మంచి ఆర్టిస్టు

మందు తాగి వెళ్తే ‘రేపు రండి’ అంటారు. ఎండకు కమిలిన చర్మం మీద వేయనంటారు. అక్షరాలు మరీ చిన్నవైతే కొన్నేళ్లకు అలుక్కుపోతాయని చెబుతారు. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే శరీరమా, అలర్జీలున్నాయా అని అడుగుతారు. కాలి మీద బుద్ధుడి బొమ్మ కావాలంటే అక్కడివాళ్ల మనసు నొచ్చుకుంటుందని హెచ్చరిస్తారు. ఇది చిన్న విషయం కాదు. 2014లో చేతి మీద బుద్ధుడి టాటూ ఉందని ఒక బ్రిటిష్ టూరిస్టును శ్రీలంక అరెస్టు చేసి వెనక్కి పంపింది. చేతిలోకి వచ్చే డబ్బును కాదని మీకు అడ్డు చెప్పే మనిషి సూది విషయంలోనూ కక్కుర్తి పడరని నా నమ్మకం.

అలాంటివాళ్లు కనీసం రెండు వారాలు సముద్రంలో, స్విమ్మింగ్ పూల్‌లో దిగొద్దని కూడా చెబుతారు. టాటూ అంటే మానని గాయమే. అమెరికాలో ఒకతను టాటూ వేయించుకున్న ఐదు రోజులకే సముద్రంలో ఈత కొట్టి, నీటిలోని బ్యాక్టీరియా సోకి చనిపోయాడు. అతనికి అంతకుముందే కాలేయ జబ్బు ఉంది. ఈ సంగతి 2017లో వైద్య పత్రికకెక్కింది. కాబట్టి ఈతలన్నీ అయ్యాక, ట్రిప్ చివర్లో వేయించుకోండి.

‘ఇన్ని చూసుకుంటూ కూర్చుంటే ఎంజాయ్ చేసేదెప్పుడు?’ అనొచ్చు. అందుకే ఈ పని ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. బయల్దేరడానికి నెల ముందే ఇద్దరు ముగ్గురు ఆర్టిస్టులకు ఇవే ప్రశ్నలు మెసేజ్ చేయండి. ఓపిగ్గా జవాబిచ్చినవాళ్లు మిగులుతారు, విసుక్కున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. రేటు దగ్గర మరీ బేరమాడకండి. తగ్గించిన డబ్బు గ్లవ్స్‌లోంచో సూదిలోంచో తీస్తే నష్టపోయేది మీరే. మీ ఊరి షాపు అయితే తేడా వస్తే వెళ్లి నిలదీయొచ్చు. 2000 కిలోమీటర్ల అవతలి షాపును నిలదీయలేరు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది, అదీ ముందే చూసుకోండి.

ఒకవేళ వేయించుకున్నాక సూది మీద అనుమానమొస్తే సిగ్గుపడి దాచొద్దు. హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆఫర్ లెటర్ వస్తే మీరేం చేస్తారు? కంపెనీ పేరు వెతుకుతారు, మెయిల్ ఐడీ సరిచూస్తారు, తెలిసిన సీనియర్‌ను అడుగుతారు. నచ్చకపోతే ఏడాదిలో మారిపోయే ఉద్యోగానికే అంత జాగ్రత్త పడతారు కదా. జీవితాంతం ఒంటి మీద ఉండేదానికి ఆ మాత్రం అడగడంలో తప్పు లేదు. ప్యాకెట్ మీ ముందు విప్పనంటే లేచి వచ్చేయండి. అడ్వాన్సు పోతే పోనీ.