మన యిసుక, మన లోహము

మెగ్నీషియము అల్యూమినియముకంటె మూడవవంతు తేలిక. ఉక్కు బరువులో నాల్గవ పాలైనను లేదు. విమానములకును వాహనములకును మిగుల ననువైన లోహమిది. కాని వేడికి లొంగిపోవుట దీని లోపము. బలమునకై సాధారణముగ నిందు అల్యూమినియమును కలుపుదురు. అట్లు పుట్టిన సమ్మేళనము రేణువుల యంచులవెంట పేరుకొని, సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు దాటగనే మెత్తబడును; బరువు మోయు భాగము క్రమముగ సాగిపోవును.

ఈ లోపమును విరళమృత్తికా లోహములు తీర్చుచున్నవి. సీరియము, లాంథనము మొదలగువానిని నూటికి నాలుగుపాళ్లు చేర్చినచో, అవి యల్యూమినియమును తమతో గూర్చుకొని, వేడికి చెదరని సమ్మేళనములై రేణువుల యంచులను బిగబట్టును. 2006లో అమెరికాలో కార్వెట్ జెడ్06 కారు ఇంజనును మోయు చట్రమును ఇట్టి మిశ్రమముతోనే పోతపోసిరి.

2025 ఏప్రిలులో చైనా ఇట్రియము, గెడోలినియము మున్నగు ఏడు లోహముల యెగుమతికి అనుమతిపత్రముల నిర్బంధము విధించినది. మిక్కిలి దృఢములైన మెగ్నీషియము మిశ్రమములకు ఆ రెండే యాధారము. మన మోనజైటులో అవి స్వల్పము. సీరియము, లాంథనములన్ననో భీమునిపట్నపు టిసుకలోని మోనజైటునందే గలవు. దేశతీరములన్నిట కలిపి మోనజైటు కోటి టన్నులకు మించి యున్నది. మెగ్నీషియము తీయుటకు వలయు డోలమైటు ఖమ్మము సీమలో నున్నది.

కావున లేనిదానికై పరుల వాకిట నిలుచుటకన్న, ఉన్నదానిని కరగించి మిశ్రమముగ పోతపోయు విద్యను మన కర్మాగారములును కళాశాలలును సాధింపవలెనని మా నిశ్చితాభిప్రాయము. నిక్షేపములను లెక్కించుకొని తృప్తిపడిన కాలము చాలును. ఇక కొలిమి రాజవలెను.