చిన్న పిక్సెల్ ఉన్న సెన్సరే పెద్దది కావొచ్చు, లెక్కేసి చూడండి

ఫోన్ స్పెక్ షీట్‌లో మందం మిల్లీమీటర్లలో, కెమెరా పిక్సెల్ సైజ్ మైక్రోమీటర్లలో, చిప్ నానోమీటర్లలో ఇస్తారు. ఒక్కో మెట్టుకి వెయ్యి రెట్ల తేడా, అంతే. 1 మిల్లీమీటర్ అంటే 1000 మైక్రోమీటర్లు, 1 మైక్రోమీటర్ అంటే 1000 నానోమీటర్లు. పాయింట్‌ని మూడు స్థానాలు జరిపితే సరిపోతుంది. ఇంత తేలికైన లెక్క మధ్యలోకి కెమెరా సెన్సర్ మాత్రం "1/1.4 అంగుళం" అంటూ వస్తుంది. నా గొడవంతా దీనితోనే.

ఒక ఫోన్‌లో 50 మెగాపిక్సెల్, 1.0 మైక్రోమీటర్ పిక్సెల్ ఉందనుకోండి. ఇంకోదాంట్లో 200 మెగాపిక్సెల్, 0.56 మైక్రోమీటర్ (శాంసంగ్ ఐసోసెల్ హెచ్‌పీ3 ఇలాంటిదే). "పిక్సెల్ పెద్దది, లైట్ ఎక్కువ పడుతుంది, మొదటిదే తీసుకోరా" అని ఫ్రెండ్స్ ధీమాగా చెప్పేస్తారు. సరే, గుణించి చూద్దాం. 50 ఎంపీ సెన్సర్‌లో అడ్డంగా సుమారు 8,160 పిక్సెల్స్ ఉంటాయి. అంటే వెడల్పు 8,160 మైక్రోమీటర్లు, అదే 8.2 మిల్లీమీటర్లు. 200 ఎంపీలో 16,320 పిక్సెల్స్, ఒక్కోటి 0.56 చొప్పున 9,139 మైక్రోమీటర్లు, అంటే 9.1 మిల్లీమీటర్లు. చిన్న పిక్సెల్ ఉన్నదే పెద్ద సెన్సర్! వైశాల్యంలో పావు వంతు ఎక్కువ. లైట్ తక్కువున్నప్పుడు నాలుగేసి పిక్సెల్స్ కలిసి 1.12 మైక్రోమీటర్ పిక్సెల్‌లా పనిచేస్తాయి. లెన్స్, ప్రాసెసింగ్ సంగతి వేరే, కానీ సైజ్ పేరు చెప్పి దీన్ని పక్కన పెట్టడం మాత్రం తప్పు.

ఇక ఆ అంగుళం లెక్క. 25.4ని 1.4తో భాగిస్తే 18 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ సెన్సర్ అసలు డయాగనల్ చూస్తే సుమారు 11.4 మాత్రమే! ఈ అంగుళం పాత టీవీ కెమెరా ట్యూబుల బయటి వ్యాసం నుంచి వచ్చింది. ట్యూబులు పోయాయి, కొలత మిగిలింది.

అన్నట్టు, 0.56 మైక్రోమీటర్ అంటే 560 నానోమీటర్లు. ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం 650 దగ్గర ఉంటుంది, అంటే పిక్సెల్ కన్నా పెద్దది. ఈ రేసు ఎంత దూరం వచ్చిందో మీరే చూడండి. చిప్ మీది "3 నానోమీటర్"ని మాత్రం మార్చే పని పెట్టుకోకండి. అది ఇప్పుడు తరం పేరే. అందులో ట్రాన్సిస్టర్ గేట్ల మధ్య దూరమే 45 నానోమీటర్లకు అటూఇటూ ఉంటుంది.

కంపెనీలు రాయకపోతే రివ్యూ రాసేవాళ్లమైనా "1/1.4" పక్కన "9.1 × 6.9 మి.మీ." అని రాయాలి. టేబుల్‌లో ఒక్క లైన్ పని.